అమ్మ కోసం ఒక యాపిల్ పండు

ఎండ బాగా కాసిన రోజు చూసి బీరువా ఖాళీ చేయడం మనకి అలవాటే కదా! పట్టుచీరలు తీసి, మడతలు మార్చి, గాలికి ఆరేసి, మళ్ళీ సర్దేటప్పుడు మూలమూలలా కలరా ఉండలు వేస్తాం. మనం ఆ పనిలో ఉండగా ఖాళీ అయిన అరలోకి దూరి కూర్చునే పిల్లలు ఎవరింట్లో లేరు చెప్పండి? "బయటికి రా, తలుపు పడిపోతుంది" అని ఓ కేక పెడతాం. వాళ్ళు మాత్రం ఆ చీకట్లో ఏవో రాజ్యాలు ఏలుతుంటారు.

ఇంగ్లండు కథ ఒకదాంట్లో ఇలాగే లూసీ అనే చిన్నపిల్ల బట్టల బీరువా తలుపు తెరిచింది. రెండు కలరా ఉండలు దొర్లి కిందపడ్డాయి. లోపల బొచ్చుకోట్లు వరుసగా వేలాడుతున్నాయి. వాటిని తోసుకుంటూ వెళ్తుంటే కాళ్ళకింద ఏదో కరకరలాడింది. ఇంకా కలరా ఉండలేమో అనుకుని వంగి తడిమి చూస్తే... చల్లటి మంచు! బీరువా వెనకచెక్క ఉండాల్సిన చోట చెట్లు, దూరంగా ఓ దీపస్తంభం!

1950లో వచ్చిన ఈ పుస్తకం పేరు 'ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్'. అంటే సింహం, మంత్రగత్తె, బట్టల బీరువా అన్నమాట. రాసినాయన సి.ఎస్. లూయిస్. ఆ తర్వాత ఏడాదికొకటి చొప్పున 1956 దాకా మరో ఆరు పుస్తకాలు రాశారు. ఏడింటినీ కలిపి 'నార్నియా కథలు' అంటారు. 2005లో సినిమాగా కూడా వచ్చింది, మీ పిల్లలు చూసే ఉంటారు.

అయితే ఈ వారం మీకు చెప్పాలనుకున్నది మంత్రగత్తె సంగతి కాదు. ఆ బీరువా ఏ చెట్టు కలపతో చేశారో ఆ సంగతి. అది తెలియాలంటే, తొమ్మిదో ఏట తల్లిని పోగొట్టుకున్న ఒక పిల్లవాడి కథ తెలియాలి.

మిఠాయికి అమ్ముడుపోయిన పిల్లవాడు

ముందు కథ కాస్త చెప్పుకుందాం. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతుంటే, పిల్లల్ని పల్లెటూళ్ళకి పంపేశారు. అలా పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ అనే నలుగురు తోబుట్టువులు ఒక ముసలి ప్రొఫెసరుగారి ఇంటికి చేరతారు. ఇది ఊరికే కల్పించింది కాదు. 1939 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్‌లోని లూయిస్‌గారింటికీ నిజంగానే అలా కొందరు ఆడపిల్లలు వచ్చి తలదాచుకున్నారు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. పెళ్ళి కాలేదు.

బీరువాలోంచి నలుగురూ వెళ్ళిన దేశమే నార్నియా. మంత్రగత్తె శాపంవల్ల అక్కడ ఏడాది పొడుగునా మంచే, పండగన్నదే రాదు. ఆవిడ ఎడ్మండ్‌కి ఓ పెట్టె నిండా టర్కిష్ డిలైట్ ఇచ్చి బుట్టలో వేసుకుంటుంది. టర్కిష్ డిలైట్ అంటే పంచదార పాకంలో కార్న్‌ఫ్లోర్ వేసి ఉడికించి, పన్నీరు చిలకరించి, ముక్కలు కోసి, పంచదార పొడి అద్దిన మిఠాయి. మన బొంబాయి హల్వాకి దూరపు చుట్టం అనుకోండి. పాపం, మిఠాయి కోసం తోబుట్టువుల్ని పట్టిస్తాడా అని మనకి అనిపిస్తుంది. కానీ ఇంగ్లండులో 1942 నుంచి మిఠాయిలకి రేషను. మధ్యలో 1949లో కొన్ని నెలలు ఎత్తేసినా మళ్ళీ పెట్టారు. 1953లో గాని పూర్తిగా పోలేదు. ఈ పుస్తకం చేతికొచ్చిన పిల్లలకి పెట్టెడు మిఠాయి అంటే ఏమిటో మనం ఊహించుకోవాల్సిందే.

ద్రోహానికి శిక్ష మరణం. ఎడ్మండ్‌కి బదులు అస్లన్ అనే సింహం తన ప్రాణం ఇస్తుంది. తెల్లవారేసరికి మళ్ళీ లేచి వస్తుంది. సిలువ కథ తెలిసినవాళ్ళకి ఇదెక్కడినుంచి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. లూయిస్‌గారు కూడా దాచుకోలేదు. నార్నియా లాంటి లోకమే ఒకటి ఉంటే, దేవుడి కుమారుడు అక్కడ సింహంగా వస్తే ఎలా ఉంటుందో ఊహించానని చెప్పారు.

ఈ గొడవల మధ్య మనకి నచ్చే మనిషి... కాదు, జంతువు ఒకావిడుంది. బీవరమ్మ! బీవర్లంటే కొయ్యదుంగలతో ఏటికి ఆనకట్ట కట్టుకునే జంతువులు. మంత్రగత్తె తరుముకొస్తోంది, పదండి పదండి అని అందరూ కంగారు పడుతుంటే ఈవిడ తాపీగా టీపొడి, పంచదార, అగ్గిపెట్టెలు, రొట్టెలు, చేతిరుమాళ్ళు మూటలు కడుతుంది. కుట్టుమిషను వదిలి రావడానికి మనసొప్పదు. "ఎంత దూరం పోయినా పిల్లలకి ఆకలేస్తుంది కదా" అనే తత్వం. ఈవిడ మనలో ఒకావిడే సుమండీ!

బెల్‌ఫాస్ట్‌లో ఒక ఇల్లు

లూయిస్ 1898 నవంబరు 29న ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. ఇంట్లో అందరూ జాక్ అని పిలిచేవారు. తండ్రి ప్లీడరు. తల్లి ఫ్లోరా ఆ రోజుల్లోనే లెక్కల్లో పట్టా పుచ్చుకున్న విద్యావంతురాలు. చిన్న కొడుక్కి ఫ్రెంచి, లాటిన్ మొదట నేర్పింది ఆవిడే. అన్న వారెన్ మూడేళ్ళు పెద్ద. అన్నదమ్ములిద్దరూ వాన పడుతున్నంతసేపూ అటక మీద చేరి సొంత రాజ్యాలు కట్టుకునేవారు. తమ్ముడిది చొక్కాలు తొడుక్కుని మాట్లాడే జంతువుల దేశం. అన్నది ఏ దేశమో తెలుసా? ఇండియా! రెండూ కలిపేసి 'బాక్సెన్' అని పేరు పెట్టుకున్నారు. ఆ ఇంట్లో తాతగారు స్వయంగా చెక్కిన నగిషీల బట్టల బీరువా కూడా ఉండేది. అది ఇప్పుడు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని వీటన్ కాలేజీలో భద్రంగా ఉంది.

1908లో ఫ్లోరాకి కేన్సరని తేలింది. ఆపరేషన్ ఇంట్లోనే చేశారు. ఒక రాత్రి జాక్‌కి తలనొప్పి, పంటినొప్పి. అమ్మ వస్తుందని ఏడుస్తూ ఎదురుచూశాడు. రాలేదు. అమ్మ గదిలో డాక్టర్లున్నారు. తలుపుల చప్పుడు, ఎవరివో గొంతులు, అటూ ఇటూ తిరుగుతున్న అడుగులు. చివరికి నాన్న వచ్చాడు, కన్నీళ్ళతో.

పిల్లవాడు దేవుణ్ణి వేడుకున్నాడు. అమ్మని బాగుచెయ్యమన్నాడు. ఆగస్టు 23న అమ్మ పోయింది. ఆ రోజు నాన్న పుట్టినరోజు కూడా. పోయాక కూడా ఏదో అద్భుతం జరిగి తిరిగొస్తుందని ఆశగా చూశాడట.

నెల తిరక్కుండానే జాక్‌ని సముద్రం దాటించి ఇంగ్లండులో హాస్టల్ బడికి పంపేశారు. అక్కడి హెడ్మాస్టరు పిల్లల్ని గొడ్డును బాదినట్టు బాదేవాడు. ఇంట్లో నాన్న దుఃఖంలో మునిగిపోయాడు. తండ్రికీ పిల్లలకీ మధ్య దూరం పెరిగింది. అన్నదమ్ములిద్దరే ఒకరికొకరు మిగిలారు.

పద్నాలుగు పదిహేనేళ్ళకల్లా లూయిస్ దేవుడే లేడన్నాడు. అమ్మ పోవడమే దానికి కారణమని మాత్రం ఆయన చెప్పలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా వెళ్ళి 1918లో గాయపడ్డాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే మేష్టారయ్యాడు. ముప్పై ఏళ్ళు దాటాక, 1931లో, స్నేహితులతో రాత్రి పొద్దుపోయేదాకా సాగిన మాటల తర్వాత మళ్ళీ క్రైస్తవ విశ్వాసానికి వచ్చాడు. ఆ స్నేహితుల్లో ఒకరు 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్. తమాషా ఏమిటంటే, ఆ టోల్కీన్‌గారికి నార్నియా కథలు అస్సలు నచ్చలేదు!

47 ఏళ్ళ తర్వాత

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మొదటి పుస్తకం అయిన వెంటనే, నార్నియా ఎలా పుట్టిందో చెప్పే కథ ఒకటి రాయబోయి ఆగిపోయారు లూయిస్. మధ్యలో వేరే పుస్తకాలు పూర్తయ్యాయిగాని అది మాత్రం తెమల్లేదు. చివరికి 1955లో 'ది మెజీషియన్స్ నెఫ్యూ' పేరుతో ఆరో పుస్తకంగా వచ్చింది. తన చిన్నతనం, తల్లి మరణం గురించి రాసుకున్న ఆత్మకథ 'సర్‌ప్రైజ్డ్ బై జాయ్' వచ్చింది కూడా అదే ఏడాది. ఒకే గాయాన్ని ఒక పుస్తకంలో ఉన్నదున్నట్టు, ఇంకోదాంట్లో కథగా చెప్పుకున్నాడన్నమాట.

ఆ కథలో డిగరీ అనే పిల్లవాడు లండన్‌లో మేనమామ ఇంట్లో ఉంటాడు. నాన్న ఎక్కడో ఇండియాలో ఉన్నాడు. అమ్మ మంచం పట్టింది. ఆశ లేదని పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే విన్నాడు. మేనమామ మంత్రపు ఉంగరాలవల్ల డిగరీ, పక్కింటి పాలీ వేరే లోకాలకి వెళ్ళిపోతారు. డిగరీ దుడుకుతనం వల్ల ఒక మంత్రగత్తె నిద్ర లేస్తుంది. వాళ్ళతోపాటే అప్పుడే పుడుతున్న నార్నియాలో అడుగుపెడుతుంది.

చేసిన తప్పు దిద్దడానికి ఎక్కడో కొండల అవతల తోటలోంచి ఒక యాపిల్ పండు తెమ్మంటుంది సింహం. "మా అమ్మకి నయం చేస్తావా?" అని బతిమాలతాడు డిగరీ. తలెత్తి చూస్తే ఆ సింహం కళ్ళలో నీళ్ళు! తనకంటే అదే ఎక్కువ బాధపడుతోందని పిల్లవాడికి అనిపిస్తుంది. కానీ నయం చేస్తానని మాట మాత్రం ఇవ్వదు.

రెక్కల గుర్రం ఎక్కి తోటకి వెళ్తే అక్కడ మంత్రగత్తె ఉంది. "పిచ్చివాడా, ఈ పండు మీ అమ్మకే తీసుకుపో. ఒక్క ముక్క తింటే లేచి కూర్చుంటుంది" అంటుంది. ఒక్కసారి ఆలోచించండి! కన్నతల్లి ప్రాణం చేతిలో ఉంది. అడిగేవాళ్ళు లేరు. మన బాలనాగమ్మ కథలో బాలవర్ధిరాజు మాయలఫకీరు ప్రాణమున్న చిలకని పట్టి తల్లిని విడిపించుకున్నాడు, మనం చప్పట్లు కొట్టాం. ఇక్కడ డిగరీ దిగులుతోనే పండు జేబులో పెట్టుకుని సింహానికే తెచ్చి ఇస్తాడు. ఇచ్చిన మాట దొంగతనంగా తప్పొద్దని నేర్పింది ఆ తల్లే మరి.

ఆ పండు పాతితే మొలిచిన చెట్టునుంచి సింహం తనే ఒక పండు కోసుకోమంటుంది. దొంగిలించి పెట్టినా అమ్మకి నయమయ్యేదే, కానీ అది ఇద్దరికీ సుఖాన్నిచ్చేది కాదని చెబుతుంది. డిగరీ ఇంటికొచ్చి పండు చెక్కు తీసి, ముక్కలు కోసి అమ్మ చేత తినిపిస్తాడు. అమ్మ చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోతుంది. క్రమంగా కోలుకుంటుంది.

పండు మధ్యలో మిగిలిన గింజల బొడ్డుని పెరట్లో పాతితే చెట్టయింది. ఏళ్ళు గడిచాక గాలివానకి కూలిపోయింది. అప్పటికి పెద్దవాడై ప్రొఫెసరయిన డిగరీకి దాన్ని పొయ్యిలో పెట్టడానికి మనసొప్పలేదు. ఆ కలపతో ఒక బట్టల బీరువా చేయించాడు. లూసీ తలుపు తీసింది ఆ బీరువాకే!

తొమ్మిదేళ్ళ జాక్‌కి దొరకని పండు, 47 ఏళ్ళ తర్వాత డిగరీ చేతిలో పెట్టాడు లూయిస్. అయినా పిల్లలకి అబద్ధం చెప్పలేదు చూడండి. అడగ్గానే ఇవ్వలేదు. దొరక్కపోవచ్చనే భయం చివరిదాకా ఉంచాడు. ఆ భయం ఎలా ఉంటుందో తెలిసినవాడు కదా.

నోరు పెగలని ఇల్లు

ఈ కథకి ఇంకో ముడి ఉంది. 1956లో లూయిస్, జాయ్ డేవిడ్‌మన్ అనే అమెరికన్ రచయిత్రిని పెళ్ళిచేసుకున్నారు. ఆవిడకి మొదటి పెళ్ళివల్ల ఇద్దరు మగపిల్లలు, డేవిడ్, డగ్లస్. నార్నియా కథల్లో 'ది హార్స్ అండ్ హిజ్ బాయ్' అంకితమిచ్చింది ఈ పిల్లలకే. అదే ఏడాది ఆవిడకి కేన్సరని తేలింది. కొన్నాళ్ళు కోలుకున్నట్టే కనిపించినా 1960 జులై 13న కన్నుమూశారు. పిల్లలకి అప్పుడు పదహారేళ్ళు, పద్నాలుగేళ్ళు. మళ్ళీ కేన్సర్, మళ్ళీ తల్లి, మళ్ళీ ఇద్దరు మగపిల్లలు!

ఆ దుఃఖంలో రాసుకున్న నోటుపుస్తకాలని లూయిస్ 1961లో వేరే పేరుతో అచ్చు వేయించారు. 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్‌డ్' దాని పేరు. వాళ్ళమ్మ మాట ఎత్తగానే పిల్లల మొహాల్లో ఇబ్బంది కనిపిస్తోందని, వాళ్ళతో ఆవిడ గురించి మాట్లాడలేకపోతున్నానని అందులో రాశారు. తన తల్లి పోయాక నాన్న ఆమె మాటెత్తితే తనకీ అలాగే ఉండేదని గుర్తుచేసుకున్నారు.

చాలా ఏళ్ళ తర్వాత డగ్లస్ దానికి జవాబు రాశారు. అది ఇబ్బంది కాదట. అమ్మ మాట వస్తే వెక్కివెక్కి ఏడ్చేస్తానని, తనతోపాటు ఆయనా ఏడుస్తారని భయమట. మగపిల్లవాడు ఏడవడం సిగ్గుచేటని బడిలో నేర్పారు. ఆ సిగ్గు వదిలించుకోవడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టిందట!

ప్రపంచంలో పిల్లలందరికీ డిగరీ కథ చెప్పగలిగిన మనిషి, తన ఇంట్లో ఉన్న ఇద్దరు పిల్లలతో ఆ మాట మాట్లాడలేకపోయాడు. ఆయన్ని తప్పు పట్టలేం. మనిళ్ళలో జరిగేదీ అదే కదూ?

పిల్లల చేతికిచ్చే ముందు

పదేళ్ళు దాటిన పిల్లలు ఈ పుస్తకాలు తామే చదువుకోగలరు. ఇంగ్లీషు సులువుగానే ఉంటుంది. చిన్నవాళ్ళకైతే మీరు మధ్యాహ్నం ఒక అధ్యాయం చదువుకుని, రాత్రి పక్కమీద తెలుగులో చెప్పండి. అయితే కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండటం మంచిది.

మతం మాటేమిటంటారా? సింహం కథగా చదివినా కథ కథే. 1955లో అమెరికాలో ఒక తల్లికి దీనికి తిరకాసు బెంగ పట్టుకుంది. తొమ్మిదేళ్ళ కొడుకు యేసుకంటే అస్లన్‌నే ఎక్కువ ప్రేమిస్తున్నానేమోనని దిగులు పడుతున్నాడట. ఉత్తరం రాస్తే లూయిస్‌గారు జవాబిచ్చారు. అస్లన్‌లో వాడికి నచ్చినవన్నీ యేసు చేసినవీ చెప్పినవీనే, కాబట్టి బెంగ అక్కర్లేదని.

సూసన్ సంగతి మనకి కాస్త కష్టమనిపిస్తుంది. ఆఖరి పుస్తకంలో, లిప్‌స్టిక్కులు, నైలాన్ మేజోళ్ళు, పార్టీల ధ్యాసలో పడి నార్నియాని మర్చిపోయిందని ఆ పిల్లని పక్కన పెట్టేస్తారు. ఫిలిప్ పుల్‌మన్ లాంటి రచయితలు దీన్ని గట్టిగానే విమర్శించారు. ఆడపిల్ల ఎదగడం తప్పా అని మీ అమ్మాయి అడిగితే "కాదు" అని నిక్కచ్చిగా చెప్పండి. సూసన్‌కి ఇంకా బోలెడు కాలముంది, తన దారిలో తను చేరుకుంటుందేమో అని లూయిస్ కూడా 1957లో ఒక పిల్లవాడికి రాశారు.

అలాగే తలపాగాలు కట్టుకున్న నల్లటి మేనిఛాయ కేలర్‌మెన్ జనాన్ని చాలావరకు క్రూరులుగా చూపించడం ఆ కాలపు ఇంగ్లీషువాళ్ళ చూపు. అదీ పిల్లలతో మాట్లాడాల్సిందే. చివరి పుస్తకంలో చావులున్నాయి. మరీ చిన్నపిల్లలకి తొందరపడి ఇవ్వకండి.

ఏది ముందు చదవాలి?

అచ్చయిన వరుస ఇదీ: ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్ (1950), ప్రిన్స్ కాస్పియన్ (1951), ది వాయేజ్ ఆఫ్ ది డాన్ ట్రెడర్ (1952), ది సిల్వర్ చెయిర్ (1953), ది హార్స్ అండ్ హిజ్ బాయ్ (1954), ది మెజీషియన్స్ నెఫ్యూ (1955), ది లాస్ట్ బాటిల్ (1956). ఈ ఆఖరిదానికే ఇంగ్లండులో పిల్లల పుస్తకాలకిచ్చే కార్నెగీ మెడల్ వచ్చింది. కథ జరిగిన కాలం ప్రకారం చూస్తే మెజీషియన్స్ నెఫ్యూయే మొదటిది. కానీ ముందు బీరువాలోకి వెళ్ళి, తర్వాత ఆ బీరువా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుంటే కలిగే సంతోషం వేరు. మొదటి పుస్తకంతోనే మొదలుపెట్టమని నా సలహా.

మన ఇంట్లో...

ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మనం ముందు చేసే పని పిల్లల్ని పక్క గదిలోకి తోలడం. ఎవరైనా పోతే "ఊరెళ్ళింది" అంటాం. అబ్బాయి ఏడిస్తే "మగపిల్లాడివి, ఏడుస్తావా?" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ తలుపు అవతల డిగరీలాగా పిల్లలన్నీ వింటూనే ఉంటారు. మనం చెప్పని నిజం కంటే వాళ్ళు ఊహించుకునే నిజం ఇంకా భయంగా ఉంటుంది.

"అమ్మా, బామ్మకి తగ్గుతుందా?" అని అడిగితే, తెలియకపోతే తెలియదనే చెప్పండి. డాక్టరుగారు ప్రయత్నిస్తున్నారని చెప్పండి. ఓ గ్లాసు మంచినీళ్ళో, రెండు పండు ముక్కలో ఆ పిల్ల చేతే ఇప్పించండి. దానితో జబ్బు తగ్గకపోవచ్చు. కానీ తనవంతు తను చేశానన్న తృప్తి ఆ చిన్న మనసుకి మిగులుతుంది. పోయినవాళ్ళ మాట వస్తే మాట మార్చకండి. మీకు ఏడుపొస్తే పిల్లల ముందు ఏడవండి. వాళ్ళనీ ఏడవనివ్వండి.

మాటలు రావా? కథ చెప్పండి. నోరు పెగలని చోట కథే అడ్డం పడి ఆదుకుంటుంది. ఈసారి బీరువా సర్దేటప్పుడు మీ పిల్లలు అరలో దూరి కూర్చుంటే గబుక్కున కేకలేయకండి. పక్కనే చతికిలబడి, "లోపల ఏముందిరా?" అని అడిగి చూడండి. మీకు చెప్పాలనుకుంటున్నదేదో అప్పుడు బయటికి రావచ్చు.